గాల్జీ చూచిన వల

వృక్షకణమునకును జంతుకణమునకును గల భేదములు నేడు బడిపిల్లలకును తెలియును. మొదటిదానికి వెలుపల గట్టి గోడయుండును. ఆకుపచ్చని భాగములలోని కణములందు హరితరేణువులుండును. రెండవదానికి పలుచని పొరయే రక్ష. అయితే ఈ భాగములన్నియు నొక్కసారి బయటపడినవి కావు. 1665లో రాబర్టు హుక్ బెండుముక్కలో చూచినవి ప్రాణము పోయిన కణముల గోడలు మాత్రమే. 1831లో రాబర్టు బ్రౌను కేంద్రకమునకు పేరిడెను. ఈ కథలు శ్రోతలు పలుమారులు వినినవే. కనుగొనిన పిమ్మటగూడ అర్ధశతాబ్దము ఉన్నదో లేదో తేలని భాగమొకటి కలదు. మేము చెప్పదలచినది దానిని గూర్చియే.

ఇటలీ దేశీయుడైన కామిల్లో గాల్జీ వైద్యుడు. 1873లో ఆయన యొక క్రొత్త పద్ధతిని ప్రకటించెను. మెదడు ముక్కను పొటాసియం డైక్రోమేటులో నానవైచి, పిదప వెండి నైట్రేటులో ముంచినచో కొన్ని నాడీకణములు మాత్రమే నల్లబాఱును. అన్నియు నల్లబడియుండినచో ఆ చీకటిలో ఏమియు కానరాకుండెడిది! 1898లో పావియా నగరమున గుడ్లగూబ చిన్నమెదడును ఇట్లే పరిశీలించుచు, కణములలో కేంద్రకము చుట్టును అల్లుకొనిన సన్నని వలను ఆయన చూచెను.

ఆ వలను పలువురు నమ్మలేదు. బ్రతికియున్న కణములో అది స్పష్టముగా కనబడదు. లోహపు పూత తగిలిన తరువాతనే కనబడును. కావున అది వెండి పేరుకొనిన మచ్చయేగాని కణభాగము కాదనిరి. ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. చంపి, నానవైచి, రంగువేసిన దానిలో కనబడినది ప్రాణమున్నప్పుడు ఉండెనని ఎట్లు చెప్పగలము? 1926లో గాల్జీ మరణించునాటికి వివాదము తీరలేదు. 1949లో సైతము జార్జి పలాడే, ఆల్బర్టు క్లాడు అను ప్రసిద్ధ పరిశోధకులు అది రసాయనములు కల్పించిన రూపమేయని వాదించిరి.

అటుపై అయిదారేండ్లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తీర్పు చెప్పెను. గాల్జీ వల ఉన్నది. కాని దగ్గఱగా చూడగా అది దారముల అల్లిక కాదు, అట్ల దొంతరవలె పేర్చిన చదునైన తిత్తుల వరుస. తరువాత గినీపంది క్లోమమున రేడియోధార్మిక గుర్తుగల మాంసకృత్తుల జాడ తీసి, అవి ఈ దొంతర గుండా సాగి బయటికి పోవునని నిరూపించినవారిలో ముఖ్యుడు ఆ పలాడేయే! 1974లో ఆయనకును, క్లాడునకును, మఱియొకరికిని నోబెల్ బహుమానము లభించెను.

కణములో తయారైన మాంసకృత్తులు ఈ తిత్తులను చేరును. అచట వానికి చక్కెరలు జతపడును; గమ్యమును బట్టి వేఱుపడి, చిన్న బుడగలలో పయనమగును. ఆవు పొదుగులో పాలకు చేరు కేసీను వచ్చునది ఈ త్రోవనే. వృక్షకణములలో ఈ దొంతరలు కణమంతట చెదరియుండి, గోడకు వలయు పెక్టిను వంటి పదార్థములను సిద్ధపఱచును. జంతుకణము నడుమ నొక్కుకొని రెండగును. వృక్షకణము అట్లు కాదు. గాల్జీ తిత్తులనుండి వచ్చిన బుడగలు నడుమ బారులుతీరి కలిసికొని, రెండు కణములకు మధ్య క్రొత్త గోడను లేపును.