గుఱ్ఱపు పట్టీపై గీత దిద్దిన యంత్రం

మీరు నడుముకు పెట్టుకునే తోలు బెల్టును ఒకసారి విప్పి వెలుతురులో పట్టి చూడండి. అది మంచి రకందైతే, రెండు అంచుల వెంబడి, అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపలగా, సన్నని గాడివంటి గీత ఒకటి ఈ కొసనుండి ఆ కొసదాకా సాగి ఉంటుంది. దానిని అందం కోసం వేశారని చాలామంది అనుకుంటారు. అందం దానికి ఉన్నమాట నిజమే. కాని అటువంటి గీతను మైళ్ళకొద్దీ పొడవున యంత్రంతో వేయవలసిన అవసరం కలిగింది మనుషుల నడుముల కోసం కాదు; బండ్లు లాగే గుఱ్ఱాల కోసం. ఆ యంత్రం కథ చిన్నది. అయినా పదార్థశాస్త్రానికీ, చేతిపనికీ, కాలగతికీ సంబంధించిన పెద్ద విషయాలు అందులో ఇమిడి ఉన్నాయి.

గుఱ్ఱాలు లోకాన్ని లాగిన కాలం

19వ శతాబ్దిలో ఆవిరియంత్రం రైళ్ళను నడిపింది. రైళ్ళు పెరిగితే గుఱ్ఱాలకు పని తగ్గి ఉంటుందని మనకు తోస్తుంది. జరిగినది అందుకు విరుద్ధం. రైలు తెచ్చి స్టేషనులో దించిన సరకును ఊళ్ళోకి చేర్చవలసినది గుఱ్ఱపు బండే. సరకు ఎంత పెరిగితే అన్ని బండ్లు కావలసి వచ్చాయి. 1890 దశాబ్దంలో లండన్ నగరంలో సుమారు 3 లక్షల గుఱ్ఱాలు పనిచేసేవని అంచనా. అమెరికాలో 1915 ప్రాంతంలో గుఱ్ఱాలు, కంచరగాడిదలు కలిసి రెండున్నర కోట్లను దాటాయి.

బండి లాగే గుఱ్ఱానికి తలపై కళ్ళెపు పట్టీలు ఉండాలి. మెడకు దిండువంటి పట్టెడ, దానినుండి ఇరుప్రక్కలా బండికి సాగే లాగుడు పట్టీలు, వీపుపై చిన్న జీను, బండి పల్లంలో దిగేటప్పుడు దానిని ఆపడానికి వెనుక తొడల చుట్టూ ఒక పట్టీ, తోలేవాని చేతికి పగ్గాలు ఉండాలి. ఈ సామానులో ఎక్కువ భాగం తోలుపట్టీలే. కోట్లకొలది గుఱ్ఱాలకు ఎన్ని గజాల పట్టీ కావలసి ఉంటుందో ఊహించండి.

ఈ సామాను తయారుచేయడంలో రెండు పట్టణాలు పేరు పొందాయి. ఒకటి ఇంగ్లండులోని వాల్సాల్. అక్కడ మొదట కళ్ళెపు ముక్కలు, బకిల్సు మొదలైన ఇనుపసామాను చేసేవారు; 19వ శతాబ్దిలో తోలుపని కూడా వచ్చి చేరింది. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టును నేటికీ ‘శాడ్లర్స్’, అంటే జీనులు కుట్టేవారు, అనే ముద్దుపేరుతో పిలుస్తారు. రెండవది అమెరికాలోని న్యూఆర్క్. నున్నగా మెరిసే వార్నిషు తోలును అక్కడ సెత్ బాయిడెన్ 1819లో తయారుచేయ నారంభించాడు. తోలుపనికి కావలసిన పనిముట్లను చేసే కంపెనీలు కూడా ఆ ప్రాంతంలోనే వెలిశాయి.

చేతితో జరిగిన పని

గుఱ్ఱపు పట్టీకి మూడు గుణాలుండాలి. బరువు లాగినా సాగిపోకూడదు. చెమటకు, వానకు చెడకూడదు. అన్నిటికంటె ముఖ్యంగా, గుఱ్ఱం చర్మాన్ని కోయకూడదు. అప్పుడే కత్తితో కోసిన తోలు అంచు పదునుగా ఉంటుంది. అటువంటి పట్టీని కట్టి రోజుకు పది గంటలు బండి లాగిస్తే చర్మం ఒరసిపోయి పుండు పడుతుంది. పుండు పడిన గుఱ్ఱం పనికి రాదు. దానిపై బ్రతికే కుటుంబానికి ఆ రోజు కూడు ఉండదు. కాబట్టి అంచును తీర్చడం అలంకారం కాదు, అవసరం.

పనివాడు ముందుగా పట్టీ నాలుగు మూలల పదునును చిన్న గోరువంటి ఉలితో చెక్కి తీసివేసేవాడు. తర్వాత అంచుకు నల్లరంగు పూసేవాడు. తడిచేసి, గుడ్డతోగాని చెక్కతోగాని గట్టిగా రుద్దేవాడు. రుద్దినకొద్దీ లేచి ఉన్న పీచు అణగి, అంచు గాజువలె నునుపెక్కేది. చివరకు గీత. రెండు మొద్దు కాళ్ళున్న ఇనుప పనిముట్టును దీపంపై వేడిచేసి, ఒక కాలును పట్టీ అంచుకు ఆనించి, రెండవ కాలును తోలుపై నొక్కుతూ లాగేవాడు. గాడివంటి గీత నల్లగా మెరుస్తూ పడేది.

ఈ గీతవల్ల కలిగే ప్రయోజనాలు మూడు. అంచు దగ్గర తోలు నొక్కుకొని గట్టిపడుతుంది. కుట్టు ఎక్కడ పడాలో అది తిన్నగా చూపిస్తుంది. ఆ గాడిలో పడిన కుట్టు కొంచెం లోతున ఉండి రాపిడికి తొందరగా తెగదు. అందం నాలుగవది, అది ఉచితంగా వచ్చినది.

తోలు గీతను ఎందుకు నిలుపుకుంటుంది?

రబ్బరును వ్రేలితో నొక్కి వదిలితే గుంట మాయమవుతుంది. మైనాన్ని నొక్కితే గుంట నిలుస్తుంది. తోలు ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. తోలులో ఉన్నది కొల్లాజెన్ అనే ప్రోటీను పీచు. పచ్చితోలు తడిగా ఉంటే కుళ్ళిపోతుంది. ఎండితే రేకువలె బిరుసెక్కుతుంది. చెట్ల బెరడులో, కాయలలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఆ పీచుల మధ్య చేరి వాటిని పట్టి ఉంచితే, అది కుళ్ళని తోలుగా మారుతుంది. దీనినే తోలును పదును చేయడం అంటారు.

ఇలా పదునైన తోలును కొద్దిగా తడిపితే నీరు పీచుల మధ్యకు పోయి, అవి ఒకదానిపై ఒకటి జరగడానికి వీలు కల్పిస్తుంది. అప్పుడు నొక్కితే పీచులు కొత్తచోట కుదురుకుంటాయి. నీరు ఆరగానే అక్కడే బిగుసుకుపోతాయి. వేడి ఈ కుదురుబాటును త్వరపెడుతుంది, ఉపరితలాన్ని మెరిపిస్తుంది. కాని వేడికి ఒక హద్దు ఉన్నది. నీటిలో నానిన పచ్చితోలును 60 - 65 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడిచేస్తే ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. టానిన్‌తో పదునైన తోలు రకాన్నిబట్టి 70 నుండి 85 డిగ్రీలవరకు ఓర్చుకుంటుంది. కనుక తడి ఎక్కువై, వేడి ఇనుము ఒకేచోట నిలిచిందంటే తోలు ముడుచుకొని పెళుసవుతుంది. తడి తక్కువైతే గీత నిలవదు. ఇనుము తోలును తాకీ తాకగానే ముందుకు సాగాలి. ఈ కొలత పనివాని చేతిలో ఉండేది. అది అబ్బడానికి ఏళ్ళు పట్టేది.

నల్లరంగు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇనుపముక్కలను వెనిగరులో నానవేసి, ఆ ద్రవాన్ని తోలుకు పూసేవారు. ఇనుము టానిన్‌తో కలిసి నల్లని పదార్థమవుతుంది. ఇది పైపూత కాదు. రంగు తోలులోపలనే పుడుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి మన పెద్దలు సిరా చేసుకొన్నది ఈ రసాయనచర్యతోనే. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చు. టానిన్‌తో పదునైన తోలుముక్కను తడిపి, చెంచా కాడతో గట్టిగా ఒక గీత గీయండి. ఆరిన తర్వాత గీత నిలిచే ఉంటుంది. అదే ముక్కపై ఒక చుక్క అన్నభేది ద్రావణం వేస్తే నల్లబడుతుంది.

యంత్రం వచ్చింది

చేతితో గీసేటప్పుడు మీటరు పట్టీకి నాలుగైదు సార్లు ఇనుమును వేడిచేయాలనుకోండి, రోజుకు ఎన్ని పట్టీలు తెమలుతాయి? 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో కుట్టుమిషను తోలుపనిలోకి కూడా వచ్చింది. కుట్టు వేగం పెరిగేసరికి అంచుపని వెనుకబడింది. ఒక పని వేగం పెరిగితే దాని ప్రక్క పనికి యంత్రం పుట్టడం పరిశ్రమల చరిత్రలో తరచు కనిపించేదే. నూలు వడకే యంత్రాలు వచ్చిన తర్వాత నేతకు యంత్రమగ్గం వచ్చిన తీరు పాఠకులు ఎరిగినదే.

పట్టీలపై గీతలు వేసే యంత్రం చూడడానికి బహు సాదా. చెఱకురసం తీసే చేతియంత్రాన్ని తలచుకోండి. పోత ఇనుప చట్రంలో ఒకదానిపై ఒకటి రెండు ఇరుసులు. వాటిని కలుపుతూ పళ్ళచక్రాలు. త్రిప్పడానికి ఒక పిడి. క్రింది ఇరుసుపై నున్నని రోలరు ఉంటుంది. పై ఇరుసుపై సన్నని అంచుగల రెండు బిళ్ళలు ఉంటాయి. పట్టీ వెడల్పునుబట్టి వాటిని దగ్గరకో దూరానికో జరపవచ్చు. పట్టీ ప్రక్కకు పోకుండా ఒక ఇనుప గట్టు కాపుకాస్తుంది. ఒత్తిడి పెంచడానికి, తగ్గించడానికి పైన ఒక మర. బిళ్ళలను వెచ్చగా ఉంచడానికి చెంతనే చిన్న దీపం. తడిపిన పట్టీని ఒకవైపునుండి అందించి పిడి త్రిప్పితే, రెండు అంచులకూ గీతలు పడి పట్టీ రెండవవైపునుండి బయటికి వస్తుంది.

మర కొద్దిగా బిగిస్తేనే అంత లోతైన గీత పడడానికి కారణం ఏమిటి? ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చినది. బిళ్ళ అంచు తోలును తాకేచోటు 10 చదరపు మిల్లీమీటర్లు, మర పెట్టే బలం 10 కిలోల బరువుకు సమానం అనుకుందాం. అప్పుడు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 100 కిలోలు! పైగా బిళ్ళ తిరుగుతూ ఉండడంవల్ల తోలులో ఏ ఒక్కచోటూ ఎక్కువసేపు వేడి తగలదు. చేతిపనివాడు ఏళ్ళ తరబడి నేర్చుకున్న ‘తాకీ తాకనట్లు’ అనే కొలత చక్రభ్రమణంలోకి వచ్చేసింది. యంత్రంలోని అసలు తెలివి ఇక్కడ ఉన్నది.

నున్నని బిళ్ళకు బదులు చెక్కడపు రోలరు పెడితే గీతతోపాటు త్రాటిపేట, అల, ఆకు వంటి అలంకారాలు కూడా పట్టీపై పడేవి. అటువంటి అలంకారం యంత్రందో, చేతిదో కనిపెట్టే ఉపాయం ఒకటి ఉన్నది. రోలరు వ్యాసం 7 సెంటీమీటర్లయితే దాని చుట్టుకొలత సుమారు 22 సెంటీమీటర్లు. కాబట్టి చెక్కడంలో ఎక్కడైనా చిన్న లోపముంటే అది పట్టీ పొడవునా ప్రతి 22 సెంటీమీటర్లకు ఒకసారి తప్పక కనిపిస్తుంది. చేతిపనివాడు కూడా తప్పు చేస్తాడు. కాని లెక్కప్రకారం చేయడు.

ఈ యంత్రాన్ని ఎవరో ఒక్కరు కనిపెట్టారనడం సరికాదు. అంచు తీసేవి, పగ్గాలను గుండ్రం చేసేవి, గీతలు వేసేవి, అచ్చు గ్రుద్దేవి—ఇటువంటి యంత్రాలు అమెరికాలో చేయి చేయి మారుతూ మెరుగయ్యాయి.

మిగిలినదేమి? పోయినదేమి?

పట్టీలు చవకయ్యాయి. సియర్స్ వంటి కంపెనీలు తమ జాబితా పుస్తకాలలో గుఱ్ఱపు సామానును చేర్చి, టపాద్వారా పల్లెలకు అమ్మాయి. పేద రైతుకు ఇది మేలే. కాని పల్లెలో జీనులు కుట్టేవాడు కొత్తసామాను చేసే స్థితినుండి పాతసామాను బాగుచేసే స్థితికి జారాడు. అయినా యంత్రం చేయలేని పని ఒకటి మిగిలింది. పశువు వీపు తోలు గట్టిది, పొట్ట తోలు సాగేది. ఏ పట్టీకి ఏ భాగం కోయాలో నిర్ణయించడానికి మనిషి కన్ను, వ్రేలు కావలసి వచ్చాయి.

ఇంతలో దెబ్బ మరొకవైపునుండి వచ్చింది. ఫోర్డు కంపెనీ 1908లో ‘మోడల్ టి’ కారును విడుదల చేసింది. 1927 నాటికి అటువంటివి కోటీ యాభై లక్షలు తయారయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1914 - 18లో, సైన్యపు గుఱ్ఱాల కోసం వాల్సాల్‌లో రాత్రింబవళ్ళు పని జరిగింది. అదే చివరి వెలుగు. యుద్ధం తర్వాత ట్రాక్టరు, లారీ రంగంలోకి దిగాయి. గీతలు వేసే యంత్రాన్ని ఓడించినది అంతకంటె మంచి గీతల యంత్రం కాదు. గుఱ్ఱమే రోడ్డుమీదినుండి తప్పుకున్నది.

ఈ మార్పులో చాలామంది జీవనోపాధి కోల్పోయారు. అయితే వాల్సాల్ పూర్తిగా చావలేదు. అక్కడి కొందరు సంచులు, పర్సులు, బెల్టుల వైపు మళ్ళారు. పాత యంత్రాలకు కొత్త పని దొరికింది. యంత్రం త్రిప్పడమే కాక తోలు స్వభావాన్ని కూడా ఎరిగినవారికి ఈ మళ్ళింపు సులభమయింది. ఆ ఊరిలో 1988లో తోలుపనికి ఒక మ్యూజియం వెలిసింది. అమెరికాలో మోటారు బండ్లను వాడని ఆమిష్ మతస్థుల పల్లెలలో గుఱ్ఱపు సామాను దుకాణాలు నేటికీ నడుస్తున్నాయి.

మనకు దీనితో సంబంధం

బ్రిటిష్ ప్రభుత్వం తన సైన్యపు గుఱ్ఱాల సామాను కోసం 1860 దశాబ్దంలో కాన్పూరులో ఒక కర్మాగారాన్ని నెలకొల్పింది. తంగేడు చెక్కతో పదునుచేసిన దక్షిణదేశపు తోళ్ళు మద్రాసు రేవునుండి ఇంగ్లండుకు పోయేవి. మన అడవులలోని కరక్కాయలు కూడా అక్కడి తోళ్ళ పరిశ్రమకు ఎగుమతి అయ్యేవి. అంటే టానిన్‌ను గూర్చిన అనుభవజ్ఞానం మన పల్లెలలో పుష్కలంగా ఉండేది. కాని ఆ జ్ఞానం గలవారిని ఊరి వెలుపల ఉంచాం. ఆ పనిని హీనమైనదిగా ఎంచి, చదువుకున్నవారు దాని చెంతకే పోలేదు. పుస్తకం ఒకచోట, అనుభవం మరొకచోట ఉండిపోయాయి. దీనివల్ల రెండూ నష్టపోయాయి.

మద్రాసులో 1948లో కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఏర్పడింది. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుండి 1971 వరకు దానికి డైరెక్టరుగా ఉన్నాడు. రైతుకుటుంబంలో పుట్టిన రసాయనశాస్త్రజ్ఞుడు తోళ్ళ పరిశోధనను తన జీవితకృషిగా చేసుకోవడం ఆనాటి మన సమాజంలో చిన్న విషయం కాదు.

ఇప్పుడు మళ్ళీ మీ బెల్టు చూడండి. ఆ సన్నని గీతలో ఒక ప్రోటీను పీచు స్వభావం, ఒక చెట్టు వగరు, ఒక దీపపు వేడి, ఒక చక్రపు ఒత్తిడి కలిసి ఉన్నాయి. వాటినన్నిటినీ చేతి వ్రేళ్ళతో ముందుగా తెలుసుకొన్నవాడు పేరు తెలియని పనివాడు. మీ ఊరిలో తోలు కుట్టే వృద్ధుడెవరైనా ఉంటే, విద్యార్థులు ఒక సాయంకాలం ఆయన దగ్గర కూర్చొని, తోలును ఎంత తడపాలి, ఎప్పుడు నొక్కాలి అని అడిగి వ్రాసుకొనిరండి. ప్రయోగశాలలో ఆ మాటలను సరిచూచే పని ఉపాధ్యాయులది.