శిక్ష - శిక్షణ

ఉద్యోగరీత్యా ఈ ద్వీపములకు క్రొత్తగా వచ్చిన తెలుగువారిని కొంత తికమక పెట్టు మాట యొకటి కలదు. అది హిందీలోని ‘శిక్షా’ అను పదము. ఇచట విద్యాశాఖ పేరు హిందీలో వ్రాయునపుడు ‘శిక్షా’ అనియే వ్రాయుదురు. మన భాషలో శిక్ష యనగా దండనము. ఒకప్పుడు ఈ దీవులు దండనస్థానములే యగుటచే, ఆ బోర్డును చూచిన తెలుగువాడు ‘ఈ శాఖ యింకను మూతపడలేదా?’ యని క్షణకాలము విస్తుపోయినచో అది యతని తప్పు కాదు.

నిజమునకు ఆ పదమునకు మొదటి అర్థము నేర్చుట, నేర్పుట యనియే. ఆరు వేదాంగములలో మొదటిది శిక్ష. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి యున్నది. నేర్పుటయను అర్థమును మనము ‘శిక్షణ’కు విడిచి, దండించుటయను అర్థమును ‘శిక్ష’కు కట్టబెట్టితిమి. ఈ రెండు మాటల నడుమ నున్న దూరమెంతయో తెలిసికొనుటకు నిఘంటువులకంటె చరిత్రయే యెక్కువ తోడ్పడును. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున, ఒకే యుద్యమము ఫలితముగా, బంగాళాఖాతమునకు ఈ యొడ్డున చేతిపని శిక్షగాను, ఆ యొడ్డున శిక్షణగాను నడచినది. ఈ యొడ్డు, 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన మన పోర్ట్ బ్లెయిరు. ఆ యొడ్డు బందరు.

ముందుగా ఈ యొడ్డు సంగతి. 1858 మార్చి నెలలో మొదటి ఖైదీల నౌక ఇచటికి వచ్చినది. అడవి నరకుట, చిత్తడినేల పూడ్చుట, బాటలు వేయుట వారి పనులు. కాలక్రమమున వలసకు పనివాండ్రు కావలసివచ్చిరి. 1883లో చాతమ్ దీవిలో రంపపుకోత మిల్లు వెలసెను. డెలానీపూర్‌కు అనతి దూరమున నున్న ఫీనిక్స్ బేలో కర్మశాలలు ఏర్పడెను. అచట కొలిమిపని, వడ్రంగము మున్నగు వృత్తులు ఖైదీలచేత చేయించిరి. ఇప్పుడు ఓడలకై అచట వేచియుండు ప్రయాణికులలో ఈ సంగతి తెలిసినవారు కొద్దిమంది. సుత్తి పట్టుట యెరుగనివాడు ఇచట కమ్మరి యైనాడు. సుమారు పదేండ్లు గడిచిన పిమ్మట, నడవడి బాగున్నవానికి స్వయముగా బ్రతుకు అనుమతి పత్రము దొరకెడిది. అట్టివాడు నేర్చిన పనితోనే పొట్ట పోసికొనెను. అనగా శిక్షలోనే కొంత శిక్షణయు జరిగినది. కాని నేర్పినవాని దృష్టి పనిమీదనే గాని మనిషిమీద లేదు.

ఇంతకంటె ఘోరమైన ఘట్టము సెల్యులర్ జైలుతో ఆరంభమైనది. 1896 నుండి 1906 వరకు కట్టిన ఆ యేడు రెక్కల కారాగారమునకు, 1909 చివర ఆలీపూర్ బాంబు కేసు ఖైదీలు వచ్చిరి. బారీంద్రకుమార ఘోషు, ఉపేంద్రనాథ బెనర్జీ, హేమచంద్ర దాసు, ఉల్లాస్కర దత్తు వారిలోనివారు. వారందరును చదువుకొన్నవారు. ఇచటి రాజకీయ ఖైదీలకు నూనెగానుగ, కొబ్బరిపీచు దంచుట పనులైనవి. గానుగకు ఎద్దులవలె మనుషులను కట్టి, దినమునకు 30 పౌనుల కొబ్బరినూనె తీయవలెనని విధించిరి. ఇందు నేర్పునది లేదు, నేర్చునది లేదు. చదువుకొన్నవానిని అవమానింపవలెనన్న చేతిపని పెట్టినచో చాలునని దొరలు తలచిరి. విచారించి చూడగా, ఆ తలంపు దొరలకు మాత్రమే ప్రత్యేకమైనది కాదు. చేతిపని చదువుకొన్నవానికి తగదను భావము మనలోను చిరకాలముగా నున్నదే.

ఆ భావముపై తిరుగుబాటు చేసినది ఆవలి యొడ్డు. 1905లో జరిగిన వంగ విభజనము స్వదేశీ యుద్యమమును రేపినది. పరదేశపు వస్త్రమును విడిచినంత మాత్రమున చాలదు, పరాయి చదువునుగూడ విడువవలెనని 1906లో కలకత్తాలో జాతీయ విద్యాపరిషత్తు వెలసెను. ఆ సంవత్సరము ఆగస్టు 15న ఆరంభమైన వంగ జాతీయ కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు అరవింద ఘోషు. ఈయన పైన చెప్పిన బారీంద్రునకు స్వయముగా అన్నగారు. అన్న తలపెట్టిన విద్యామార్గము ఆంధ్రదేశమున ఒక కళాశాలకు స్ఫూర్తి నిచ్చిన కాలముననే, తమ్ముడు ఈ దీవిలో ఖైదీగా నుండెను.

1907 ఏప్రిలులో బిపినచంద్ర పాలుగారు తెలుగుదేశమున పర్యటించి, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరు మొదలగుచోట్ల ప్రసంగించిరి. ఆయన వెంట తిరిగినవారిలో కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావుగారు ఒకరు. రాజమహేంద్రవరము ట్రెయినింగు కళాశాలలో ‘వందే మాతరమ్’ బిళ్ళలు ధరించిన విద్యార్థులపై అధికారులు కన్నెర్రచేసిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి వెడలగొట్టి, సర్కారు కొలువునకు అనర్హునిగా ప్రకటించిరి. ప్రభుత్వ విద్యాలయము తలుపు మూసినచో పోవుటకు వేరొక తలుపు లేదని తెలుగువారికి అప్పుడు ప్రత్యక్షముగా బోధపడినది.

ఆ తలుపును తెరచినవారు బందరులోని ముగ్గురు మిత్రులు. కోపల్లె హనుమంతరావుగారు ఎం.ఏ., బి.ఎల్. పట్టభద్రులు, లాభసాటి వకీలు వృత్తిని కాలదన్నినవారు. ముట్నూరి కృష్ణారావుగారు పత్రికాసంపాదకులు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు వైద్యులు. వీరు ఊరూర తిరిగి విరాళములు పోగుచేసి, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను తెరచిరి.

ఇందుకు బందరే తగిన తావు. కలంకారీ అద్దకమునకును నేతకును పేరుపడిన రేవది. 1611లోనే ఆంగ్ల వర్తకులు అచట దిగిరి. లాంకషైరు మిల్లు గుడ్డ వచ్చిపడుటతో మగ్గములు మూలపడెను. 1864 నవంబరు నాటి ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొని పట్టణమును పాడుచేసెను. 1843లో వెలసిన నోబుల్ పాఠశాల మంచి ఇంగ్లీషు చదువు నేర్పినది. మగ్గము సంగతి దానికి పట్టలేదు. ఒక వీధిలో పని వచ్చి చదువు రానివారు, వేరొక వీధిలో చదువు వచ్చి పని రానివారు. ఈ రెండు వీధులను కలుపుటయే కోపల్లెవారి సంకల్పము.

కళాశాలలో మాతృభాషయైన తెలుగునకు పెద్దపీట వేసిరి. సాహిత్యము, చరిత్ర, శాస్త్రములతోపాటు నేత, వడ్రంగము, యంత్రపుపని, తివాచీల అల్లిక పాఠ్యములైనవి. చేతిపని యిచట వ్యాయామమువంటి సరదా కాదు, చదువు రానివానికి కేటాయించిన రెండవ తరగతి మార్గమును కాదు. చదువుకొనువాడు పని చేయవలెను, పని చేయువాడు చదువుకొనవలెను. పింగళి వెంకయ్యగారు ఇచట ఉపాధ్యాయులుగా నున్న కాలముననే, 1916లో, భారతదేశమునకు తగిన జాతీయ పతాకములను గూర్చి పుస్తకము ప్రకటించిరి. వంగదేశమునుండి వచ్చిన ప్రమోదకుమార చట్టోపాధ్యాయగారు చిత్రలేఖనము నేర్పిరి. వారి శిష్యులైన అడివి బాపిరాజుగారు 1930లలో ఈ కళాశాలకే ప్రిన్సిపాలైరి. చిత్రకారుడును, కవియు, నవలాకారుడునైన వ్యక్తి కర్మశాలలుగల విద్యాలయమునకు పెద్దయగుట ఆ కళాశాల ఆదర్శమునకు తగినదే.

ఇట్టి సంస్థ యేల విస్తరింపలేదు? కారణములు దాచవలసినవి కావు. మొదటిది ధనము. ఉపన్యాసములు చెప్పుటకు నాలుగు గోడలు చాలును; పని నేర్పుటకు పనిముట్లు, ముడిసరకు, తయారైన వస్తువునకు గిరాకి కావలెను. రెండవది, ప్రాణము పోసిన మనిషి పోవుట. కోపల్లె హనుమంతరావుగారు 1922లో, నలుబదులు దాటిన కొలది కాలమునకే, స్వర్గస్థులైరి. మూడవది అన్నిటికంటె బలమైనది. అచట పొందిన పట్టమునకు సర్కారు కొలువులో చెల్లుబాటు లేదు. సభలలో జాతీయ విద్యకు చప్పట్లు కొట్టిన పెద్దలలో అనేకులు తమ కుమారులను మాత్రము గుమాస్తా గిరికి దారితీయు కళాశాలలకే పంపిరి. తరువాతి కాలమున ఆ సంస్థయు విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన డిగ్రీ కళాశాలగా మారినది. ఆ పెద్దలను నిందించు అర్హత నాకు లేదు. నేనును అట్టి తండ్రి కుమారుడనే. కళాశాస్త్ర పట్టము పొంది, కలము తప్ప వేరు పనిముట్టు పట్టకయే ఇరువదేండ్లుగా దస్త్రములు నడుపుచున్నాను.

అయినను విత్తనము వృథా కాలేదు. 1914 ఏప్రిలులో బెజవాడలో సమావేశమైన గ్రంథాలయ ప్రతినిధులు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. కళాశాలనుండి వెలివేయబడిన గాడిచర్లవారే ఆ యుద్యమమునకును వయోజన విద్యకును జీవితము ధారవోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలలో పడవమీద గ్రంథాలయమును నడిపిరి. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన బేసిక్ విద్యకు చేతిపనియే ఇరుసు. ఆ యేడే చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభను స్థాపించిన దుర్గాబాయమ్మగారు, తాము కారాగారమునుండి వెలువడిన పిదప మెట్రిక్యులేషను చదివిరి. బడి తప్పిన స్త్రీలను బనారసు మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండబెట్టుటయు, వృత్తివిద్యలు నేర్పుటయు ఆ సభ పనులైనవి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి వారు అధ్యక్షురాలైరి. ఆ మండలి 1958లో ఆరంభించిన సంక్షిప్త విద్యాక్రమము ఈ యనుభవమునకు దేశవ్యాప్త రూపము. నేడు ‘కమ్యూనిటీ కళాశాల’ యను పేర అమెరికానుండి వచ్చినదని మనము తలచు పద్ధతి, అచట 1901లో ఇలినాయి రాష్ట్రపు జోలియట్‌లో మొలకెత్తినది. మన విశ్వవిద్యాలయ నిధుల సంఘము దానిని 12వ ప్రణాళిక కాలమున (2012-17) చేపట్టినది. పేరు క్రొత్తది, పని బందరువారు ఎరిగినదే.

చరిత్రను ఇంతటితో ముగింపవచ్చును. కాని యొక చిన్న సంగతి నన్ను ముగింపనీయలేదు. కొన్నాళ్ళ క్రిందట శ్రీకాకుళము సీమనుండి వచ్చిన తాపీమేస్త్రి యొకడు ఒక కార్యాలయమున నాకు తారసపడినాడు. ఈ దీవులలో అనేక సంవత్సరములుగా ఇండ్లు కట్టినవాడు. అచట వెలువడిన ఒక కొలువునకు ధ్రువపత్రము కావలెనట. “గోడెలా కట్టాలో అడగండి బాబూ, సెప్తాను. కాయితం ఎక్కడినుంచి తేను?” అనెను. నేను వానికి అర్జీ వ్రాసి యిచ్చితిని. అంతకంటె ఏమియు చేయలేకపోతిని. 2015లో ఆరంభమైన కౌశల వికాస యోజనలో, ముందే పని వచ్చినవారిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చు ఏర్పాటు చేర్చబడినదని నాకు తరువాత తెలిసినది. దస్త్రములలో మునిగియుండు నాకే తెలియనిది ఆ మేస్త్రికెట్లు తెలియును? బందరు కళాశాలలో చదివినవాని పట్టము చెల్లలేదు. ఈ మేస్త్రికి చెల్లు పత్రమే లేదు. పనిని కాక కాగితమును చూచు అలవాటు మాత్రము మారలేదు.

ఈ దీవులలో 1967నుండి జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయము కలదు. సాంకేతిక విద్యాసంస్థలును కలవు. లోపము సంస్థలది కాదు. వానికిని మన కూలివారికిని నడుమ వంతెన లేకుండుట. అర్జీ హిందీలోనో ఇంగ్లీషులోనో యుండును. మన చేపలు పట్టువారు, తాపీవారు, కూలివారు తెలుగు మాటలాడుదురు. వారికి ఇంటిపటము చదువుట, పడవ యింజను మరమ్మతు, బ్యాంకు పద్దు, సర్కారు పథకముల వివరము తెలుగులో చెప్పువారు కావలెను. ఆ పని చేయగలవారు మన సంఘమున కొరత లేరు. ఉగాదికి పందిరి వేసి పద్యములు చదువుకొను మనము, వారమునకు రెండు సాయంకాలములు ఆ పందిరిక్రిందనే పలకలు పరచిన తప్పేమి? పని రానివారమైన మనకు వారు పని నేర్పుదురు. అక్షరము రానివారికి మనము అక్షరము నేర్పుదము. కోపల్లెవారు కలుపదలచిన రెండు వీధులు డెలానీపూర్‌లోను ఉన్నవి.

శిక్షకు పేరుపడిన నేలమీద శిక్షణకు ఒక దీపము వెలిగించుట, ఈ యొడ్డున గానుగ లాగినవారికిని ఆ యొడ్డున మగ్గము నిలిపినవారికిని మనము చెల్లింపగల ఋణము.