మిద్దె దించితే మన్నెక్కడికి పోయేది?

అమెరికాలో ఉన్న మనవాళ్ళెవర్నడిగినా చెప్తారు, ఇంటికప్పు మార్పించాలంటే ముందు వచ్చేది డంప్‌స్టర్. ఇంటి ముందు ఓ పెద్ద ఇనుప తొట్టి దించి పోతారు. పాత షింగిల్సు, మేకులు అన్నీ అందులో పడతాయి, నిండాక లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. మరి నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో అమ్మానాన్నల పాత మిద్దె దించి స్లాబు వేయించాలంటే? ట్రాక్టరు దొరుకుతుంది. అది ఎక్కడ కుమ్మరిస్తుందో మాత్రం మనం అడగం.

మనవాళ్ళకి శుభ్రత తెలీదండీ అని తేల్చెయ్యడం తేలిక. నాకైతే సంగతి వేరే అనిపిస్తుంది. మనకి తొట్టి లేకపోవడానికి అసలు కారణం, మొన్నమొన్నటి దాకా దాని అవసరం పెద్దగా లేకపోవడమే.

ఆ మాటకొస్తే డంప్‌స్టర్ కూడా పాతదేం కాదు. టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో డెంప్‌స్టర్ సోదరుల కంపెనీ, తొట్టిని ఉన్నదున్నట్టు లారీ మీదికెత్తి కుమ్మరించే పద్ధతికి 1935లో పేటెంటు తీసుకుంది. 'డంప్' అన్న మాటకి ఇంటిపేరు కలిసి డంప్‌స్టర్ అయింది. సోదరుల్లో జార్జ్ డెంప్‌స్టర్ 1950లలో ఆ ఊరికి మేయరుగా కూడా చేశాడు. ఇంట్లోంచి బయటికొచ్చింది ఇక దేనికీ పనికిరాదు, దూరంగా పారెయ్యాలి అన్నది ఆ తొట్టి వెనకున్న లెక్క.

మన సీమ మట్టి మిద్దె లెక్క అది కాదు. గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన సన్న కట్టెలో బండలో పరిచి, మట్టి పోసి, అన్నిటికీ పైన చౌడు పరిచేవాళ్ళు. చౌడులో సోడియం ఎక్కువ. తడిస్తే దాని బంకరేణువులు విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి, నీళ్ళు కిందికి దిగవు. పంట పండనివ్వని గుణమే మిద్దెకి వాటర్‌ప్రూఫింగ్ అన్నమాట! వానల ముందు మళ్ళీ కొత్త చౌడు పొయ్యాలి, అది ఏటేటా చెయ్యాల్సిన మెయింటెనెన్సు.

ఆ మిద్దె దించితే ఏమొచ్చేది? 400 చదరపుటడుగుల మిద్దె మీద అడుగు మందం మన్నుందనుకుంటే 400 ఘనపుటడుగులు, దగ్గరదగ్గర 18 టన్నులు. తక్కువేం కాదు. కానీ దూలం ఇంకో ఇంటికెక్కేది, దంతెలు కొట్టానికి పోయేవి, పుచ్చిన కట్టె పొయ్యిలోకి, మన్ను గోడకో గుంతకో పొలానికో. పాత ఊళ్ళ పాటిమన్ను చేలకి తోలుకోవడం మన రైతులకి ఎప్పట్నించో తెలిసిందే. మన భాషలో చెప్పాలంటే, వాడి వదిలేసిన ప్రతి బ్లాకునీ ఇంకెవరో అలొకేట్ చేసుకునేవాళ్ళు. మెమరీ లీక్ లేదు.

బండల సంగతీ అంతే. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథమే అచ్చేశాడు. ఈ రాతిపొరల పేర్లు చూడండి: నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. అన్నీ మన ఊళ్ళే! బేతంచెర్ల బండ పొరలు పొరలుగా లేస్తుంది, అలాగే పరుచుకోవచ్చు. మిద్దె దించాక పగలని బండ మళ్ళీ బండే. నేలకి వేసుకోవచ్చు, అరుగుకి వేసుకోవచ్చు.

తర్వాత సిమెంటొచ్చింది. బేతంచెర్ల పక్కన బుగ్గానిపల్లెలో ఫ్యాక్టరీ పెట్టిన పాణ్యం సిమెంట్స్ కంపెనీ 1955లో ఏర్పడింది. సిమెంటుకి ముడిసరుకు కూడా సున్నపురాయే. బండగా కోస్తే పదిసార్లు వాడుకోవచ్చు. కాల్చి పొడి చేసి, ఇసుక, కంకర, కమ్మీ కలిపి పోస్తే ఒక్కసారే. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం లాంటివాటితో పల్లెల్లో కూడా స్లాబు మామూలైపోయింది.

పోనీ మట్టి మిద్దెలే ఉంచుకుందామా? వద్దు. 2024 ఆగస్టులో చాగలమర్రి మండలం చిన్నవంగలిలో రాత్రి మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. ఏటా చౌడు పోసే మనుషులు లేని ఊళ్ళో పాత మిద్దె అంటే నెత్తిమీద టన్నుల బరువు. దించాల్సిందే, స్లాబు వెయ్యాల్సిందే.

చిక్కల్లా ఆ స్లాబుకి కూడా ఓ రోజు కాలం తీరుతుంది. 1000 చదరపుటడుగులు, 5 అంగుళాల మందం అంటే దాదాపు 29 టన్నులు. అదే అమెరికాలో 2000 చదరపుటడుగుల షింగిల్ కప్పు మొత్తం 2, 3 టన్నులు దాటదు. స్లాబు పగలగొడితే కమ్మీ పాతసామాన్లాయన కొంటాడు, కొంత బేస్‌మెంట్ నింపడానికి పోతుంది. మిగిలింది రాత్రిపూట వంకలోకి. నంద్యాలలో కుందూ, మద్దిలేరు, ఆళ్ళగడ్డ వైపు వక్కిలేరు. 2019 సెప్టెంబరు వానలకి కుందూ పొంగడం చూశాం. వాగు గర్భాన్ని మనమే నింపితే నీళ్ళు వీధుల్లోకి కాక ఎక్కడికి పోతాయి?

చట్టం లేదా అంటే ఉంది. 2016లో వచ్చిన భవన వ్యర్థాల నిబంధనలు, కాంక్రీటు, మన్ను, మిగతావి వేర్వేరుగా పెట్టాలని ఇంటాయనకి చెప్పాయి. తొట్లు పెట్టించి, నిండాక తీయించాల్సింది మున్సిపాలిటీ. అంటే డంప్‌స్టర్ మన చట్టంలోనే ఉందన్నమాట! వాటి స్థానంలో 2026 ఏప్రిల్ నుంచి అమలయ్యేలా 2025లో కొత్త నిబంధనలు నోటిఫై చేశారు. అందులో రీసైక్లింగ్ లక్ష్యాల బరువంతా 20,000 చదరపు మీటర్లు పైబడ్డ కట్టడాల మీద పెట్టారు. మన ఊరి మిద్దెలు ఆ లెక్కలోకి రావు.

కాబట్టి ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్న వాళ్ళకి నాదొకటే మాట. స్లాబుకెంత, కమ్మీకెంత అని ఎక్సెల్ షీట్లు వేస్తాం కదా. పాతది ఎక్కడికి పోతుంది, దానికెంత అని ఇంకో వరస కలపండి. మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి. దూలాలు, బండలు పగలకుండా దించమనండి, కొనేవాళ్ళుంటారు. మన్ను అడిగిన రైతుకి తోలించండి. ఎందుకూ పనికిరాని ముక్కలకి మాత్రం చోటు అడిగి, మున్సిపాలిటీకి ఓ కాగితం పెట్టండి. నలుగురూ కాగితం పెడితేగానీ తొట్టి రాదు. మన తాతలకి ఆ తొట్టి అక్కర్లేకపోయింది. మనం మిద్దె మార్చాం, కాబట్టి అది తెప్పించుకోవాల్సిన పనీ మనదే.