కంప్యూటర్ నుంచి క్యాసెట్‌కి

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్ మన దేశంలో 1980ల్లో చవకైంది. పాటలు ఎక్కించే అంగళ్లు ఆంధ్ర పట్టణాల్లో వెలిసింది ఆ కాలంలోనే. ధర్మవరం, హిందూపురం లాంటి ఊళ్ల చుట్టుపక్కల రామగిరి వంటి పల్లెలవాళ్లకు సినిమా పాటలంటే ఒకటి రేడియో, రెండోది ఈ అంగడి. కావలసిన పాటలు కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు ఇచ్చిపోవాలి. 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో పక్క ఆరేడు పాటలు పట్టేవి. చివరి పాట మధ్యలో తెగకుండా వరస కూర్చడమే అసలు పనితనం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఇలా పాటలు ఎక్కించడం నేరమే, కానీ ఆ సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ.

2000 ప్రాంతంలో అంగట్లోకి కంప్యూటర్ వచ్చింది. ఎంపీ3 పద్ధతిలో ఒక్క సీడీలోనే వందకు పైగా పాటలు ఇమిడాయి. వినేవాళ్ల దగ్గర మాత్రం ఇంకా టేపులే: లారీలో, ట్రాక్టరులో, గుడి మైక్‌సెట్‌లో. క్యాసెట్‌ను చంపుతుందనుకున్న కంప్యూటరే కొన్నేళ్లపాటు దానికి పాటలు అందించింది.

కలిపేది ఒక మామూలు వైరు. ఒక కొస కంప్యూటర్ వెనక ఆకుపచ్చ రంధ్రంలోకి, రెండో కొసనున్న ఎరుపు, తెలుపు పిన్నులు క్యాసెట్ రికార్డరు (డెక్) 'లైన్ ఇన్'లోకి. మైకు రంధ్రంలో పెడితే శబ్దం పగిలిపోతుంది. అది మిల్లీవోల్టులకు చేసింది, కంప్యూటర్ ఇచ్చేది ఇంచుమించు ఒక వోల్టు. డెక్‌లో రికార్డింగ్ స్థాయి తగ్గితే టేపు బుస వినిపిస్తుంది, పెరిగితే పాట బొంగురుపోతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే 50 హెర్ట్‌జ్ గుయ్‌మనే మోత. మధ్యలో విండోస్ 'టింగ్' మంటే అదీ టేపులోకెక్కేది, కనుక ముందు ఆ శబ్దాలు ఆపుకోవాలి. గంట పాటకు గంట సమయం. కరెంటు పోతే ఆ పక్క మళ్లీ మొదటినుంచి.

కొన్ని సౌండ్‌కార్డులకు సోనీ, ఫిలిప్స్ రూపొందించిన డిజిటల్ అవుట్‌పుట్ కూడా ఉండేది. దాన్ని అందుకోగలిగినవి 1987 నాటి డాట్ (డిజిటల్ టేపు), 1992 నాటి మినీడిస్క్ యంత్రాలు. క్యాసెట్ డెక్‌కు ఆ డిజిటల్ రంధ్రమే లేదు. విచిత్రమేమిటంటే సీడీ లెక్క అయిన సెకనుకు 44,100 నమూనాలు పాత యంత్రం పెట్టిన భిక్షే. తొలినాళ్లలో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీద దాచేవారు. గీతకు 3 చొప్పున 245 గీతల్లో, సెకనుకు 60 సార్లు నింపితే వచ్చేది ఆ అంకే.

ఆంప్లిఫయర్లకే పెన్‌డ్రైవ్ రంధ్రాలు వచ్చాక ఈ పని ఆగింది. అంగళ్లు మెమరీ కార్డులకు మళ్లాయి. ఇప్పుడు వైరు తిరగబడింది: ఇంట్లో మిగిలిన హరికథ, భజన క్యాసెట్లను డెక్ 'లైన్ అవుట్' నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. ముందుగా హెడ్డును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. ఏళ్ల తరబడి కదలని టేపునైతే ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టాకే ప్లే నొక్కాలి.