పిచ్చికుక్క భయం కట్టిన హాస్టళ్లు

మేం తెనాలి వెళ్లినప్పుడల్లా మా కుక్క చిట్టి ఇంగ్లండులోని సర్రీ పల్లెల్లో ఒక కెన్నెల్‌లో ఉంటుంది. నల్ల లాబ్రడార్, తిండిపోతు. కెన్నెల్ బసకు రోజుకు ఇరవై ఎనిమిది పౌండ్లు. టీకాల కార్డు చూపించనిదే గేటు తీయరు. ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మ, "కుక్కకి హాస్టలేమిటే? ఆ డబ్బుతో ఇక్కడ పిల్లాణ్ణి చదివించొచ్చు" అంది. ఆవిడ లెక్కలో తప్పేం లేదు. మా చిన్నప్పుడు ఇంట్లో టామీ ఉండేది. తిరుపతి వెళ్లినా, బంధువుల పెళ్లికెళ్లినా ఎదురింటి పిన్నిగారు రెండు పూటలా అరుగు మీద ఇంత పెరుగన్నం పెట్టేవారు. మిగతా వేళల్లో వీధంతా దానిదే. మేం తిరిగొచ్చేసరికి కాస్త ఒళ్లు చేసి కనబడేది కూడా.

ఇంగ్లండులో ఆ పద్ధతి ఎందుకు నిలవలేదు? ఇక్కడి పొరుగువాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నర్సుగా పనిచేస్తున్న ఇన్నేళ్లలో చదివినవీ విన్నవీ కలుపుకుంటే నాకు తోచిన కారణం రేబిస్, అదే పిచ్చికుక్క జబ్బు. అదొక్కటే అనను. కానీ మిగతావన్నీ దాని వెనకే నడిచాయి.

నేను డ్యూటీకి వెళ్లే రైలు హ్యాక్‌బ్రిడ్జ్ అనే చిన్న స్టేషన్లో ఆగుతుంది. ఇప్పుడు అక్కడన్నీ ఇళ్లే. 1898లో బ్యాటర్సీ కుక్కల ఆశ్రమం వాళ్లు ఇక్కడ ఒక శాఖ తెరిచారు, 1934 దాకా నడిపారు. అసలు ఆశ్రమం అంతకు చాలా ముందుది. మేరీ టీల్బీ అనే ఆవిడ 1860లో లండన్ హోలోవేలో, తప్పిపోయిన, ఆకలితో మాడే కుక్కల కోసం పెట్టింది. మనుషులే వీధిలో పస్తులుంటుంటే కుక్కలకు సత్రమా అని పత్రికలు ఎగతాళి చేశాయి. (మా అమ్మ ఆ పత్రికలకు రాసి ఉండాల్సింది.) టీల్బీ 1865లో పోయింది. 1871లో ఆశ్రమం బ్యాటర్సీకి మారింది, 1885లో విక్టోరియా రాణి దానికి పోషకురాలైంది. అప్పటికి లండన్ వీధుల్లో పిచ్చికుక్క పేరు చెబితే జనం తలుపులేసుకునే పరిస్థితి.

ఆ 1885లోనే పారిస్‌లో పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేసి బతికించాడు. టీకా వచ్చాక కూడా బ్రిటన్ దాని మీద ఆధారపడలేదు. కరిచిన మనిషికి సూదులు వేయడం కాదు, కరిచే కుక్కనే లేకుండా చేయాలనుకుంది. వ్యవసాయ బోర్డు అధ్యక్షుడు వాల్టర్ లాంగ్ 1897లో కుక్కల మూతికి చిక్కం తప్పనిసరి చేశాడు. మన దగ్గర నూర్పిడి వేళ ఎడ్లకు కడతామే, అలాంటిదే, కాకపోతే తీగతో అల్లింది. చిక్కం లేని కుక్క కనబడితే పోలీసులు పట్టుకుపోయేవారు. కుక్కల యజమానులు భగ్గుమన్నారు. వేటకుక్కలకూ గొర్రెల కాపలా కుక్కలకూ మినహాయింపులిచ్చేసరికి, దొరల కుక్కకు ఒక న్యాయం, కూలివాడి కుక్కకు ఒక న్యాయమా అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా లాంగ్ పట్టు విడవలేదు. 1902కల్లా బ్రిటన్‌లో రేబిస్ లేకుండా పోయింది.

వీధుల్లోంచి పోయిన జబ్బు ఓడల్లో తిరిగి రాకూడదు కదా. చిక్కంతో పాటే 1897లో మొదలైన దిగుమతి ఆంక్షలు 1901కల్లా ఆరు నెలల క్వారంటైన్‌గా స్థిరపడ్డాయి. రేబిస్ వైరస్ ఒంట్లో చేరాక వారాలు, ఒక్కోసారి నెలలు బయటపడదు. అందుకే అంత గడువు. రేవులో దిగిన కుక్కను నేరుగా అనుమతి ఉన్న కెన్నెల్‌కు తరలించేవారు. అక్కడ ఒక్కో కుక్కకు ఒక్కో గది, ఇంకో కుక్క మూతి తగలకుండా అడ్డుగోడలు. ఖర్చంతా యజమానిదే. హ్యాక్‌బ్రిడ్జ్ శాఖ పుట్టుకకు ఈ క్వారంటైన్ ఒక ముఖ్య కారణం. 1914లో షాకల్టన్ అంటార్కిటికా యాత్రకు తెప్పించిన సుమారు వంద స్లెడ్జి కుక్కలు కూడా ఇక్కడే బస చేశాయి. మంచు ఖండానికి పోవాల్సినవి మా రైలు పట్టాల పక్కన రాత్రంతా ఊళలు పెట్టాయంటే ఊళ్లోవాళ్ల నిద్ర సంగతి ఊహించుకోవచ్చు.

ఇండియాలో ఉద్యోగం ముగించుకుని పెంపుడు కుక్కతో ఇంటికొచ్చే తెల్ల అధికారులకూ ఇదే నిబంధన. వాళ్లే పాలించిన మన దేశంలో మాత్రం కుక్కను ఆపే ప్రయత్నం అంతగా జరగలేదు. మనిషికి సూది వేసే పద్ధతే నడిచింది. 1900లో కసౌలిలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వచ్చాయి. డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలిలో తయారుచేసిన టీకానే మన తరం దాకా వేశారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అంటే తెనాలిలో పిల్లలం కుక్కకన్నా వాటికే ఎక్కువ భయపడేవాళ్లం.

మొదటి ప్రపంచయుద్ధం చివర్లో సైనికులు ఫ్రాన్స్ నుంచి కుక్కల్ని దొంగచాటుగా తెచ్చుకోవడంతో 1918లో రేబిస్ మళ్లీ బయటపడింది. పూర్తిగా అణచడానికి 1922 దాకా పట్టింది. ఆ దెబ్బతో క్వారంటైన్ మీద నోరెత్తేవాళ్లు తగ్గిపోయారు.

ఇక సెలవుల సంగతి. జీతంతో కూడిన సెలవుల చట్టం ఇక్కడ 1938లో వచ్చింది. అంతకు ముందు సముద్రపు గాలి కోసం వారమంతా వెళ్లగలిగింది చాలావరకు కలిగినవాళ్లే. వాళ్ల కుక్కల్ని ఇంట్లో పనివాళ్లు చూసుకునేవారు. చట్టం వచ్చాక గుమాస్తాకూ ఫ్యాక్టరీ కార్మికుడికీ వారం సెలవు దొరికింది గానీ, కుక్కను చూసే పనివాళ్లు లేరు. పొరుగువాళ్లు కూడా ఆ ఆగస్టులోనే సముద్రపొడ్డున ఉంటారు. కుక్కను వీధిలో వదిలేసే వీలు చిక్కం రోజులతోనే పోయింది.

ఆ సెలవులు ఇంకా అలవాటు కాకముందే 1939 సెప్టెంబరులో యుద్ధం ముంచుకొచ్చింది. చెప్పడానికే మనసొప్పని సంగతి ఇది. జంతువుల్ని వీలైతే పల్లెలకు పంపండి, వీలుకాకపోతే చంపించడమే దయ అని కరపత్రాలు పంచారు. బాంబు ఒక్కటీ పడకముందే, మొదటి వారంలోనే లక్షల పిల్లుల్ని, కుక్కల్ని చంపించేశారు. పశువైద్యుల గుమ్మాల ముందు బారులు తీరిన జనంలో ఏడవనివాళ్లు లేరంటారు. ఆ గొడవలో హామిల్టన్ డచెస్ నీనా, విల్ట్‌షైర్ సరిహద్దున ఉన్న తన ఫెర్న్ ఎస్టేటు తలుపులు తీసింది. లండన్లోని తన ఇంటికి తెచ్చి అప్పగించిన కుక్కల్నీ పిల్లుల్నీ అక్కడికి చేర్చి, యుద్ధమంతా సాకింది. పరాయి కుక్కను నమ్మకంగా అట్టిపెట్టడం అంటే ఆవిడే గుర్తొస్తుంది నాకు. వ్యాపారం కాదు కాబట్టి ఈ కథలో ఆవిడకు చోటు లేదనేవాళ్లుంటే ఉండనివ్వండి.

యుద్ధం తర్వాత కథ ఊపందుకుంది. 1950ల నుంచి విమానంలో స్పెయిన్, ఇటలీ వెళ్లే చవక ప్యాకేజీలు మొదలయ్యాయి. ఇంగ్లండు సముద్రపొడ్డుకయితే కుక్కను కారులో వేసుకుపోవచ్చు. స్పెయిన్‌కు తీసుకెళ్తే పదిహేను రోజుల విహారానికి ఆరు నెలల క్వారంటైన్! కాబట్టి విదేశీ సెలవు అన్న ప్రతి ఇంటి కుక్కా ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు. ఇళ్ల వెనక షెడ్లలో, కోళ్ల ఫారాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు కెన్నెళ్లు పెట్టారు.

అందుకే 1963లో పార్లమెంటు జంతువుల వసతి గృహాల చట్టం చేసింది. స్థానిక కౌన్సిల్ లైసెన్సు లేకుండా కెన్నెల్ నడపకూడదు. తగినంత గది, పరుపు, తిండి, నీళ్లు, వ్యాయామం, నిప్పంటుకుంటే తప్పించే ఏర్పాటు, జబ్బు చేసిన కుక్కను విడిగా ఉంచే చోటు ఉండాలి. వచ్చిన రోజు, వెళ్లిన రోజు, యజమాని పేరు, చిరునామా రిజిస్టరులో రాయాలి. నర్సు కళ్లతో చదివితే ఇవి ఏ అంటువ్యాధుల ఆసుపత్రి నియమాలో అనిపిస్తాయి. 2018లో కొత్త నిబంధనలు వచ్చి హోటళ్లలాగా నక్షత్రాల రేటింగు తెచ్చాయి. చిట్టి కెన్నెల్ గేటు మీద అయిదు నక్షత్రాల సర్టిఫికెట్ చూసి మా ఆయన, "మనం దిగే లాడ్జికన్నా దీనికే ఎక్కువున్నాయి" అన్నారు.

చట్టం వచ్చిన ఆరేళ్లకే, 1969లో, మా జిల్లాలోనే క్యాంబర్లీలో పెద్ద అలజడి రేగింది. జర్మనీ నుంచి వచ్చిన ఫ్రిట్జ్ అనే కుక్క ఆరు నెలలూ క్వారంటైన్‌లో గడిపి ఇంటికొచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే పిచ్చెత్తి మనుషుల్ని కరిచింది. నక్కలకు అంటుతుందేమోనని ఆ చుట్టుపక్కల మైదానాల్లో అడవి జంతువుల్ని వేటాడి కాల్చేశారు. 1974లో రేబిస్ చట్టం వచ్చింది. రేవుల్లో, విమానాశ్రయాల్లో భయపెట్టే పోస్టర్లు వెలిశాయి.

ఆ క్వారంటైన్ గోడ 2000 ఫిబ్రవరి 28న కాస్త దిగింది. మైక్రోచిప్, టీకా, రక్తపరీక్ష ఉంటే యూరప్ నుంచి కుక్క క్వారంటైన్ లేకుండా రావచ్చన్నారు. కెన్నెళ్ల పని అయిపోయిందనుకున్నవాళ్లున్నారు. క్వారంటైన్ కెన్నెళ్లకు అన్నంత పనీ అయింది, చాలావరకు మూతబడ్డాయి. సెలవుల కెన్నెళ్లు మాత్రం నిండుతూనే ఉన్నాయి. ఆరు దశాబ్దాల్లో జనానికి అలవాటైపోయింది మరి.

ఇండియాకు ఆ గోడ దిగడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. 2012 వరకు మన దేశం నుంచి వచ్చే కుక్కకు ఆరు నెలలూ తప్పలేదు. ఇప్పుడు రక్తపరీక్ష ముందే ఇక్కడ చేయించుకుంటే తెనాలి నుంచి చిట్టిని క్వారంటైన్ లేకుండా వెనక్కి తేవచ్చు, కాగితం మీద. హైదరాబాద్‌లో దింపాలంటే అక్కడి జంతు క్వారంటైన్ ఆఫీసు అనుమతి కావాలి. తిరిగొచ్చేటప్పుడు విమానంలో సరుకుగానే రావాలి. మూడు వారాల సెలవుకు రెండు సార్లు ఆ చీకటి పెట్టెలో ఎవరు వేస్తారు?

కాబట్టి కెన్నెలే. జులై, ఆగస్టు నెలలకు ముందు ఏడాదే బుక్ చేసుకోవాలి. క్రిస్మస్‌కు అదనపు చార్జీ. మన సంక్రాంతి వేళకు మాత్రం తెల్లవాళ్లంతా సెలవులు ముగించి ఉద్యోగాలకు పోయి ఉంటారు. జనవరి రెండో వారంలో ఫోన్ చేస్తే ఎంత పెద్ద గది కావాలని వాళ్లే అడుగుతారు.