తొలినాళ్ల హిప్‌హాప్‌పై ఇతర సంగీతకారుల స్పందన

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1973 ప్రాంతంలో మొదలైన హిప్‌హాప్ 1979లో రికార్డులకెక్కింది. అప్పటికే పేరుపడ్డ డిస్కో, రాక్, జాజ్, సోల్ కళాకారులు దాన్ని ఒకే తీరున చూడలేదు. కొందరు కలిసి వాయించారు, కొందరు తప్పుపట్టారు, కొందరు కోర్టుకెక్కారు. ఇది సంగీతమేనా అన్న వాదన పైకి గట్టిగా వినిపించినా, అసలు పేచీ ఎక్కువగా పేరు దగ్గర, పైకం దగ్గర వచ్చింది.

తొలి తగాదా

షీక్ బృందం పాట ‘గుడ్ టైమ్స్’ 1979 ఆగస్టులో బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి నెలలో సిల్వియా రాబిన్సన్‌కు చెందిన షుగర్ హిల్ రికార్డుల సంస్థ ‘రాపర్స్ డిలైట్’ అనే ర్యాప్ పాటను విడుదల చేసింది. దానికి ఆధారం ‘గుడ్ టైమ్స్’లోని బేస్ గిటార్ వరసే. పాత రికార్డు ముక్కను అతికించడం కాదది. స్టూడియోలో వాద్యకారులను కూర్చోబెట్టి, ఆ వరసనే నిమిషాల తరబడి తిప్పి తిప్పి వాయింపజేశారు. షీక్ గిటారిస్టు నైల్ రోడ్జర్స్ ఒక క్లబ్బులో దాన్ని విని నివ్వెరపోయాడు. రికార్డు మీద తన పేరూ లేదు, ఆ బేస్ వాయించిన బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పేరూ లేదు. దావా వేస్తామని హెచ్చరించాక ఇద్దరికీ రచయితలుగా పేరు, రాయల్టీ దక్కాయి. లెక్క తేలాక కోపం నిలవలేదు. తర్వాతి కాలంలో రోడ్జర్స్ ఆ పాటను బాహాటంగానే మెచ్చుకున్నాడు.

రాక్, పంక్

మాన్‌హాటన్ పంక్ కళాకారులకు బ్రాంక్స్ దారి చూపినవాడు గ్రాఫిటీ కళాకారుడు ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ. అతని స్నేహంతోనే బ్లాండీ బృందం ‘రాప్చర్’ చేసింది. 1981లో అది బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానం అందుకుంది. ర్యాప్ ఉన్న పాటకు ఆ స్థానం దక్కడం అదే మొదలు. పాడింది తెల్లజాతి గాయని డెబీ హారీ కావడం గమనించదగ్గ సంగతే.

బ్రిటన్ పంక్ బృందం ద క్లాష్ అదే ఏడాది టైమ్స్ స్క్వేర్‌లోని బాండ్స్‌లో కచేరీలు చేస్తూ, ముందుగా వాయించడానికి హిప్‌హాప్ డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందాన్ని పిలిచింది. ప్రేక్షకులు గోల చేసి, కప్పులు విసిరి వాళ్లను దింపేశారు. క్లాష్ సభ్యులు వేదిక మీది నుంచే తమ అభిమానులను మందలించాల్సి వచ్చింది. సంగీతకారులు ఒప్పుకున్నంత తొందరగా వాళ్ల శ్రోతలు ఒప్పుకోలేదు.

1986లో ర్యాప్ బృందం రన్-డీఎంసీతో కలిసి రాక్ బృందం ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్, గిటారిస్టు జో పెర్రీ తమ పాత పాట ‘వాక్ దిస్ వే’ను మళ్లీ చేశారు. ఇక్కడ మొరాయించింది రాక్ వాళ్లు కాదు, ర్యాపర్లే. ఆ పాట మొదట్లోని డ్రమ్స్ మీద ర్యాప్ చేయడం వాళ్లకు అలవాటు. టైలర్ రాసిన మాటలు పాడమని నిర్మాత రిక్ రూబిన్ అంటే మొదట ససేమిరా అన్నారు. ఆ పాట నాలుగో స్థానం దాకా వెళ్లి, ఏరోస్మిత్ దశ కూడా తిప్పింది.

జాజ్

బీబాప్ తరం డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్ ర్యాప్‌ను వెనకేసుకొచ్చిన తొలి పెద్దల్లో ఒకరు. ఫ్రెడ్డీకి ఆయన గాడ్‌ఫాదర్ కూడా. హెర్బీ హ్యాంకాక్ 1983లో ‘రాకిట్’ పాటలో డీజే గ్రాండ్ మిక్సర్ డీఎస్‌టీకి చోటిచ్చాడు. టర్న్‌టేబుల్ మీద రికార్డును ముందుకూ వెనక్కూ గీకితే వచ్చే చప్పుడు అందులో ఒక వాద్యంలా వినిపిస్తుంది. దానికి గ్రామీ దక్కింది. మైల్స్ డేవిస్ తన చివరి స్టూడియో ఆల్బమ్ ‘డూ-బాప్’ను హిప్‌హాప్ నిర్మాత ఈజీ మో బీతో కలిసి చేశాడు, అది ఆయన పోయాక, 1992లో వచ్చింది.

శాంప్లింగ్ వివాదం

పాత రికార్డు ముక్కను తీసి కొత్త పాటలో వాడుకోనిచ్చే శాంప్లర్ యంత్రాలు చేతికొచ్చాక వాదన ముదిరింది. ఒకప్పుడు మైల్స్ డేవిస్ దగ్గర వాయించిన జేమ్స్ ఎమ్‌టూమే శాంప్లింగ్‌ను రేడియోలో దుయ్యబట్టాడు. హిప్‌హాప్ బృందం స్టెట్సాసోనిక్ 1988లో ‘టాకిన్ ఆల్ దట్ జాజ్’ అనే పాటతోనే జవాబిచ్చింది. అయినా 1994లో ర్యాపర్ నొటోరియస్ బీఐజీ పాట ‘జ్యూసీ’కి ఆధారమైంది ఎమ్‌టూమే బృందం పాట ‘జ్యూసీ ఫ్రూట్’.

గాయకుడు గిల్బర్ట్ ఓసలివన్ మాత్రం రాజీ పడలేదు. తన పాట ముక్కను అనుమతి లేకుండా వాడిన ర్యాపర్ బిజ్ మార్కీ మీద 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో గెలిచాడు. అప్పట్నుంచి అనుమతి పత్రం లేనిదే పెద్ద సంస్థలు పాట విడుదలకు జంకాయి.

సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1984లో హిప్‌హాప్ డీజే ఆఫ్రికా బంబాటాతో ‘యూనిటీ’ పాడాడు. 1988 నాటి ‘ఐయామ్ రియల్’ ఆల్బమ్‌లో తన బాణీలు వాడుకునేవాళ్లను నిలదీశాడు. ఆయన పాట ‘ఫంకీ డ్రమ్మర్’లోని డ్రమ్స్ ముక్క లెక్కలేనన్ని ర్యాప్ పాటల్లో ఉంది. ఆ పాటకు రచయితగా నమోదైంది బ్రౌన్ పేరు. అది వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌కు ఆ శాంపిల్స్ మీద రచయిత రాయల్టీ దక్కలేదు.