వెంబ్లీ: గుర్రం గుర్తుంది, గేటు మర్చిపోయాం

లండన్‌కి ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మనవాళ్ళలో చాలామందికి వెంబ్లీ అనగానే ఈలింగ్ రోడ్డులోని ఇండియన్ కొట్లే గుర్తొస్తాయి. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళకి మాత్రం అది కాశీ లాంటిది. నాకైతే అక్కడి పాత స్టేడియంలో ఆడిన ఆటలకన్నా, జనం అక్కడికి చేరిన కథే ఎక్కువ ఆసక్తి.

అసలక్కడికి ముందొచ్చింది స్టేడియం కాదు, రైలు. మెట్రోపాలిటన్ రైల్వే ఛైర్మన్ సర్ ఎడ్వర్డ్ వాట్కిన్‌కి తన రైళ్ళెక్కే జనం కావాలి. అందుకని ఈఫిల్‌ని మించిన టవర్ కడతానని 1890లలో వెంబ్లీ పార్కులో మొదలుపెట్టాడు. అది మొదటి అంతస్తు దాటలేదు, 1907లో పడగొట్టేశారు. టవర్ పోయినా స్టేషన్ మిగిలింది. తర్వాత బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన కోసం సరిగ్గా ఆ టవరున్న చోటే స్టేడియం కట్టారు. ఖర్చు ఏడున్నర లక్షల పౌండ్లు, పట్టిన కాలం 300 రోజులు.

1923 ఏప్రిల్ 28న అక్కడ మొదటి ఆట. ఎఫ్.ఏ. కప్ ఫైనల్, బోల్టన్ వాండరర్స్‌కీ వెస్ట్‌హామ్‌కీ మధ్య. స్టేడియంలో పట్టేది సుమారు లక్షా పాతిక వేలమంది. ఎక్కువమంది ముందుగా టికెట్ కొనక్కర్లేదు, గేటు దగ్గర డబ్బులిచ్చి లోపలికెళ్ళడమే. స్టేడియం పక్కనే ఇంకో కొత్త స్టేషన్ కూడా ఆరోజే తెరిచారు. రైలు మీద రైలు జనాన్ని తెచ్చి దింపింది. గేట్లు మూసేస్తే గోడలెక్కి దూకారు. రెండు లక్షల పైచిలుకు వచ్చారని అంచనా.

మనభాషలో చెప్పాలంటే నెట్‌వర్క్ బ్రహ్మాండంగా ఉంది, సర్వర్ ముందు మాత్రం అడ్డూ అదుపూ లేదన్నమాట. మైదానమంతా జనమే. జార్జ్ స్కోరీ అనే పోలీసు బిల్లీ అనే గుర్రమెక్కి, మిగతా పోలీసులతో కలిసి జనాన్ని మెల్లగా గీత అవతలికి జరిపాడు. ముప్పావుగంట ఆలస్యంగా ఆట మొదలైంది, బోల్టన్ 2-0తో గెలిచింది. ఎవరూ చనిపోలేదు. నిజానికి బిల్లీది బూడిద రంగే, కానీ నలుపు తెలుపు ఫిల్ములో తెల్లగా కనబడి 'తెల్లగుర్రం ఫైనల్' అనే పేరు నిలిచిపోయింది.

మరుసటి ఏడాది నుంచి ఫైనల్‌కి ముందస్తు టికెట్ తప్పనిసరి చేశారు. వెంబ్లీని నిజంగా కాపాడింది ఆ నిర్ణయమేనని నా అభిప్రాయం. ఎందుకంటే 1946లో అదే బోల్టన్ సొంత మైదానం బర్న్‌డెన్ పార్కులో, గేట్లు మూశాక కూడా జనం లోపలికి చొరబడ్డారు. తొక్కిసలాటలో 33 మంది చనిపోయారు.

పాత వెంబ్లీ జంట బురుజుల్ని 2003లో కూల్చేసి, 2007లో కొత్త స్టేడియం తెరిచారు. రైల్వే స్టేషన్ వైపు కట్టిన వంతెనకి తెల్లగుర్రం పేరే పెట్టారు. అంత హంగున్న ఆ కొత్త స్టేడియంలోకే 2021 యూరో ఫైనల్ రోజున సుమారు 2,000 మంది టికెట్ లేకుండా చొరబడ్డారు. ప్రాణాలు పోయే ప్రమాదం కొద్దిలో తప్పిందని విచారణలో తేలింది.

మన ఆఫీసుల్లోనూ ఇంతే కదా. అర్ధరాత్రి పడిపోయిన సర్వర్ని లేపినవాడికి అవార్డు, అది పడిపోకుండా ముందే హద్దు పెట్టినవాడి పేరు ఎవరికీ తెలీదు. బిల్లీకి దణ్ణం పెట్టాల్సిందే, కాదనను. కానీ ప్రతిసారీ గుర్రం రాదు.